ధనుర్మాసపు వేకువను చిన్న ట్రాక్టరు



ధనుర్మాసమున కొల్లేటి చుట్టుపట్ల గ్రామములలో వేకువజాము ఎట్లుండునో మీకు నేను వర్ణించి చెప్పనక్కఱలేదు. గట్టు మీద నిలిచినవానికి పది బారల దూరమున నున్న కొబ్బరిచెట్టు కానరాదు. కోవెలలో తిరుప్పావై పఠనము వినవచ్చుచుండును. దాళ్వా నాట్లకు కూలివారిని ముందుగనే మాటాడి యుందురు. ఆకుమడి ముదురుచుండును. కాలువనీటి వంతు నేడు మనది, రేపు మఱియొకరిది. సరిగా ఆ సమయముననే దమ్ము చేయవలసిన ట్రాక్టరు నాలుగు మూలుగులు మూలిగి ఊరకుండును. "ఏరా అబ్బాయీ, ఇంకా పెట్టలేదా?" అని ఆసామి గట్టు మీదినుండి కేక వేయును. "అంటుకోవడం లేదండీ బాబుగారూ, చలికి బిగిసిపోయిందండీ" అని నడుపువాడు బదులు చెప్పును.

ఈ మాటలో నిజమెంత? చలికాలమున తెల్లవాఱుజామున ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములలో వేడిమి సాధారణముగా పదునైదు పదాఱు డిగ్రీలకు మించి పడిపోదు. మన రాష్ట్రముననే చింతపల్లి దగ్గఱ లంబసింగిలో అది సున్న సమీపమునకు దిగును. లడాఖు దేశమున చలికి డీసెలు గడ్డకట్టిపోవుచుండగా, 33 డిగ్రీల క్రింది శీతమునకు కూడ పాఱునట్టి ప్రత్యేకమైన డీసెలును 2019లో ఇండియన్ ఆయిలు సంస్థవారు అచటికి పంప నారంభించిరి. వారి చలి చలి. మన చలి దానిముందు ఎంత! మన డీసెలు గడ్డకట్టదు, మన రేడియేటరులోని నీరు పేరుకొనదు. అయినను మన బండి కదలకుండుట మాత్రము నిజము. కావున దోషమంతయు చలిదని చెప్పుటకు వీలులేదు. ఎండకాలమున దాగియున్న లోపములను ఈ కొద్దిపాటి చలి బయటపెట్టుచున్నదని నా అభిప్రాయము. వానిలో ఒక్కొక్కదానిని చూతము.

మొదట ఇంజను ఎట్లు అంటుకొనునో తెలియవలెను. పెట్రోలు బండిలో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు కలదు. డీసెలు ఇంజనులో రవ్వ లేదు. జర్మనీ దేశస్థుడైన రుడాల్ఫ్ డీసెలు 1897లో ఆగ్స్‌బర్గు నగరమున నడిపి చూపిన ఇంజను నాటినుండి నేటివఱకు సూత్రమొక్కటే. గాలిని గట్టిగా నొక్కినచో అది వేడెక్కును. సైకిలు పంపుతో గాలి కొట్టినప్పుడు గొట్టము అడుగున చేయి పెట్టి చూచినవారికి ఈ సంగతి అనుభవమే. సిలిండరులోని గాలిని పిస్టను తన తొలి పరిమాణములో పదునెనిమిదవ వంతునకో, ఇరువదవ వంతునకో నొక్కివేయును. అప్పుడు గాలి ఐదువందల డిగ్రీలను మించి కాగును. ఆ కాగిన గాలిలోనికి నాజిలు డీసెలును పొగమంచువలె చిమ్మగానే అది భగ్గున మండును. (ఇదే డీసెలు ఇంజనును 1900లో పారిసు ప్రదర్శనమున వేరుసెనగ నూనెతో నడిపి చూపిరట. మన మెట్టరైతులకు వినసొంపైన సంగతి గనుక చెప్పితిని. మీరు మాత్రము ఆ ప్రయత్నము చేయవలదు.)

ఇందులో వేడిమియే ప్రాణము. ఇంజను చల్లగా నున్నప్పుడు నొక్కబడిన గాలి తన వేడిని సిలిండరు గోడలకు ఇచ్చివేయును. సెల్ఫు మెల్లగా త్రిప్పినకొలది ఇట్లు ఇచ్చివేయుటకు వ్యవధి యెక్కువగును. రింగుల సందులనుండి గాలియు జాఱిపోవును. అందువలన మెల్లగా తిరుగు ఇంజను ఎంతసేపు తిరిగినను అంటుకొనదు. వడిగా తిరుగు ఇంజను రెండు మూడు చుట్లలోనే అంటుకొనును.

పెద్ద ట్రాక్టరుకంటె చిన్న ట్రాక్టరు ఈ విషయమున ఎక్కువ సుకుమారము. ఏలయందురా? బిందెడు పాలను, చెంబెడు పాలను ఒక్కసారి కాచి దింపుడు. చెంబులోని పాలు ముందు చల్లాఱును. చిన్న సిలిండరులో గాలి కొంచెము, దానిచుట్టు నున్న గోడ మాత్రము ఆ గాలి కొలతకు అధికము. పెదవేగి, ద్వారకాతిరుమల ప్రాంతములలో ఆయిల్‌పాము, కోకో, కొబ్బరి తోటల వరుసల నడుమ తిరుగుటకును, చేపల చెఱువుల సన్నని గట్ల మీద మేత తోలుటకును మనవారు కొనుచున్న పదునైదు మొదలు ముప్పది గుఱ్ఱపుబలముల లోపు బండ్లన్నియు ఈ జాతివే. అందుకే వానిలో పెక్కింటికి తయారుచేయువారు హీటరు ప్లగ్గులను అమర్చిరి. ఇవి రవ్వ పుట్టించునవి కావు. చిన్న ఇనుపకడ్డీవంటి ప్లగ్గు విద్యుత్తుతో ఎఱ్ఱగా కాగి, డీసెలు మండు అఱను ముందుగా వెచ్చజేయును. తాళపుచెవిని ఏ ప్రక్కకు త్రిప్పినచో ఇది పనిచేయునో, దీపము ఎప్పుడు ఆఱునో బండితో ఇచ్చిన పుస్తకములో నుండును. కొన్ని చిన్న బండ్లకు ఈ ప్లగ్గులు ఉండవు. నేరుగా సిలిండరులోనికి డీసెలు చిమ్మునట్టి ఇంజనులకు మన దేశపు చలికి అవి అవసరము కాలేదు. మీ బండి ఏ జాతిదో ముందు తెలిసికొనుడు.

ప్లగ్గులున్న బండి వేకువను కదలలేదనగా నేను మొదట అడుగు ప్రశ్న ఇది: తాళము త్రిప్పి ఎంతసేపు ఆగితిరి? తఱచుగా వచ్చు జవాబు, అసలు ఆగలేదని. ఎండకాలమున ఆగకయే అంటుకొనుచుండెను గనుక నడుపువానికి ఆ వాడుక తప్పినది. పది మొదలు ఇరువది సెకనులు ఆగుట చాలును. ఆగినను ఫలము లేనిచో ప్లగ్గులలో ఒకటి కాలిపోయి యుండవచ్చును. మూడు సిలిండరుల ఇంజనులో ఒక ప్లగ్గు పోయినచో మిగిలిన రెండింటితో అది కుంటుచు అంటుకొని, కొంతసేపు తెల్లని పొగ క్రక్కుచు, వణకుచు నడచి, పిమ్మట సర్దుకొనును. ఎండకాలమున ఈ లోపము ఎవ్వరికిని తెలియదు. ప్లగ్గు ఖరీదు స్వల్పము. ఊరక సెల్ఫు కొట్టి కొట్టి చెడగొట్టుకొను బ్యాటరీ ఖరీదు స్వల్పము కాదు.

బ్యాటరీ సంగతికి వచ్చితిమి. సీసపు బ్యాటరీలో శక్తి రసాయనక్రియ వలన పుట్టునది. చలిలో ఆ క్రియ మందగించును. కొత్త బ్యాటరీకి మన చలి లెక్కలోనిది కాదు గాని, మూడు నాలుగేండ్లు వాడినదానికి ఆ మాత్రమే చాలును. సంపూర్ణముగా నిండిన పండ్రెండు వోల్టుల బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టులు చూపవలెను. 12.4 కంటె తగ్గినచో నింపించవలెను. అంతకంటె ముందు కొనలు చూడుడు. కొల్లేటి తేమగాలికి, అందులో ఉప్పుటేటి వైపు గ్రామములలో ఉప్పుగాలికి, కొనల మీద తెల్లగాను పచ్చగాను బూజువంటిది పేరుకొనును. వేడినీటిలో తినుసోడా కలిపి కడిగి, ఆరబెట్టి, బిగించి, పైన వాజలైను పూసినచో ఎన్నియో బండ్లు మఱునాడే మొదటి త్రిప్పుకు అంటుకొనును. ఈ పని చేయునప్పుడు దగ్గఱ బీడీ కాల్చరాదు. బ్యాటరీనుండి వెలువడు వాయువు మండునట్టిది.

రెండవ భారము నూనెది. చలిలో నూనె చిక్కబడునని చెప్పుటకు శాస్త్రముతో పనిలేదు. ఇంటిలోని కొబ్బరినూనె సీసాను చూడుడు. సుమారు 24 డిగ్రీలకు దిగగానే అది తెల్లగా పేరుకొనుట ప్రారంభించును. నా మట్టుకు నేను వేకువను లేచి మొదట ఆ సీసానే చూచెదను. అది గట్టిగా పేరుకొని యున్ననాడు ట్రాక్టరుకు కొంచెము ఎక్కువ ఓపిక చూపవలెనని అర్థము. ఇంజను ఆయిలు అట్లు పేరుకొనదు గాని తేనెవలె మందమగును. సెల్ఫు దానిని చీల్చుకొని త్రిప్పవలెను. త్రిప్పిన తరువాతను, అడుగు తొట్టిలోని ఆయిలు పైకెక్కి బేరింగులకు, కవాటముల కమ్మీలకు చేరుటకు కొన్ని సెకనులు పట్టును. అంతవఱకు లోహము లోహముతో ఇంచుమించు పొడిగానే ఒరయుచుండును. ఇంజను తన జీవితములో పొందు అఱుగుడులో పెద్ద భాగము ఈ కొద్ది క్షణములలోనిదే.

ఆయిలు డబ్బా మీద 15 డబ్ల్యూ 40 అనియో, 20 డబ్ల్యూ 40 అనియో వ్రాసియుండును. డబ్ల్యూ అను అక్షరము చలికాలమును సూచించు ఆంగ్లపదము మొదటిది. దాని ముందున్న అంకె చిన్నదైనకొలది చలిలో ఆయిలు పలుచగా పాఱును. వెనుక నున్న అంకె ఇంజను కాగినప్పటి చిక్కదనమును తెలుపును. మన ప్రాంతమునకు ఈ రెండు రకములును చాలును; పుస్తకములో ఏది చెప్పిరో అది పోయవలెను. చిక్కని ఆయిలు ఇంజనుకు బలమని తలచి, పుస్తకము చెప్పినదానికంటె మందమైన ఒంటి అంకె ఆయిలు పోయు మేస్త్రులు కొందఱున్నారు. వారి మాట వినకుడు. మార్చవలసిన కాలము దాటి, మసితో బంకగా మాఱిన ఆయిలు అంతకంటె చెడ్డది.

ఇప్పుడు బండి నెక్కుదము. గేరు న్యూట్రలులో నున్నదా యని చేతితో కదిపి చూడవలెను. క్లచ్చును పూర్తిగా అదిమి పట్టవలెను. ఇందువలన గేరుపెట్టెలోని చిక్కని ఆయిలును సెల్ఫు త్రిప్పవలసిన పని తప్పును. ఈ ఒక్క సూక్ష్మము తెలియకయే ఎందఱో బండిని నిందించుచున్నారు. యాక్సిలరేటరు పావువంతు తెఱచి, ప్లగ్గు కాగువఱకు ఆగి, సెల్ఫు కొట్టవలెను. పది సెకనులలో అంటుకొననిచో విడిచిపెట్టి ఒక నిమిషమాగి మఱల ప్లగ్గు కాచి కొట్టవలెను. మూడు నాలుగు పర్యాయములకును కాకున్నచో కారణము వెదకవలెను గాని బ్యాటరీ చచ్చువఱకు కొట్టరాదు. అంటుకొనిన వెంటనే ఆయిలు దీపము వంక చూడవలెను. కొన్ని సెకనులలో అది ఆఱకున్నచో ఇంజనును ఆపివేయవలెను.

ఆపైని ఎంతసేపు వెచ్చజేయవలెను? ఇచ్చట రెండు పక్షములున్నవి. ఒక పక్షమువారు అంటుకొనగానే యాక్సిలరేటరు పూర్తిగా ఎత్తి, ఇంజను అఱచుచుండగా బురదలోనికి దింపుదురు. రెండవ పక్షమువారు బండిని అట్లే వదలి టీకొట్టుకు పోయి అరగంటకు వత్తురు. మొదటివారు ఇంజనును చంపుచున్నారని అందఱకును తెలియును. రెండవవారు చేయు నష్టము తెలియదు. పనిలేక మెల్లగా తిరుగు డీసెలు ఇంజను సరిగా వేడెక్కదు. చిమ్మిన డీసెలు పూర్తిగా మండక గోడలవెంట దిగి ఆయిలులో కలియును. నాజిళ్లకు, కవాటములకు మసి పట్టును. డీసెలు ఖర్చు సరేసరి.

మన తండ్రులు ఎడ్లతో ఏమి చేసిరో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. చలిలో కొట్టమునుండి విప్పిన యెద్దును తిన్నగా నాగలికి కట్టి ములుకోల చూపినవాడు లేడు. అట్లని మధ్యాహ్నము వఱకు గాటను నిలుపలేదు. కుడితి పెట్టి, చేనివఱకు నడిపించుకొని పోయి, మొదటి రెండు చాళ్లు నెమ్మదిగా తోలిరి. నడకలోనే ఒళ్లు వెచ్చబడెను. ట్రాక్టరుకును అంతే. అంటుకొనిన తరువాత మూడు మొదలు ఐదు నిమిషములు మధ్యమముకంటె తక్కువ వేగమున నిలుకడగా తిరుగనీయవలెను. ఆ వ్యవధిలో హైడ్రాలికును నాలుగైదుసారులు ఎత్తి దింపుడు. చిన్న ట్రాక్టరులలో పెక్కింటికి గేరుపెట్టె ఆయిలే లిఫ్టునకును పనిచేయును, దానిని కూడ కదిలించినట్లగును. పిమ్మట ఇంటినుండి చేనికి చిన్న గేరులో మెల్లగా పోనిండు. దమ్ముచక్రములు తగిలించిన బండిని మొదటి మడిలో బరువుగా త్రిప్పక, వెచ్చదనపు ముల్లు మధ్యకు వచ్చిన తరువాత పూర్తిపని పెట్టుడు. రోటావేటరును కూడ ఇంజను వెచ్చబడకముందు నేలకు దింపరాదు.

పొగ వలన కొంత తెలియును. వేకువను ఒకటి రెండు నిమిషములు తెల్లపొగ వచ్చుట సహజము. అది మండని డీసెలు ఆవిరి. వెచ్చబడిన తరువాతను పోకున్నచో ప్లగ్గో, నాజిలో, రింగులో చూపించవలెను. నీలిపొగ ఆయిలు కాలుచున్నదని చెప్పును. నల్లపొగకు గాలి ఫిల్టరులో కోతలనాటి దుమ్ము తఱచు కారణము.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచిన విషయము. రేడియేటరుకును ఇంజనుకును నడుమ థర్మోస్టాటు అను చిన్న కవాటము కలదు. ఇంజను సుమారు 75, 80 డిగ్రీలు కాగువఱకు అది మూసియుండి, నీటిని రేడియేటరులోనికి పోనీయదు. దానివలన ఇంజను త్వరగా వేడెక్కును. ఎండకాలమున బండి మరుగుచున్నదని తీసికొనిపోగా, ఈ కవాటమును ఊడబెరికి పాఱవేసి "ఇక మరగదు లెండి" అని చెప్పుట మన చిన్న మరమ్మతుకొట్లలో వాడుకయైపోయినది. మరగుటకు అసలు కారణము వేఱు. గడ్డిపరకలతో మూసికొనిపోయిన రేడియేటరు రెక్కలో, వదులైన బెల్టో, బోదెలోని ఉప్పునీరు పోయగా లోపల కట్టిన చిట్టెమో యుండును. కవాటము పోయిన ఇంజను ధనుర్మాసమున గంటసేపు నడచినను వెచ్చబడదు. ఆయిలు చెడును, డీసెలు ఎక్కువ త్రాగును, సిలిండరులు త్వరగా అఱుగును, యజమాని చలిని తిట్టును. మీ బండిలో ఆ కవాటము ఉన్నదో లేదో ఈ వారములోనే అడిగి తెలిసికొనుడు. నీటికి బదులు కంపెనీవారు చెప్పిన కూలెంటు ద్రవమును వాడుట మేలు. అది గడ్డకట్టకుండుటకు మాత్రమే యని తలపకుడు, త్రుప్పును అడ్డుటయు దాని పనియే.

డీసెలులో నీరు చేరుట కొల్లేటి సీమకు ప్రత్యేకమైన బెడద. రాత్రి చల్లబడగా, సగము ఖాళీగా నున్న టాంకు గోడలకు లోపలి గాలిలోని తేమ చెమర్చి, బొట్లుబొట్లుగా అడుగునకు దిగును. కావున పని ముగిసిన సాయంకాలమే టాంకు నింపి యుంచవలెను. ఉదయము నింపుకొందమనుట తప్పు. నీరు డీసెలుకంటె బరువు గనుక రాత్రి నిలకడలో ఫిల్టరు గిన్నె అడుగునకు చేరును. వేకువను సెల్ఫు కొట్టకముందే అడుగు మరను కొంచెము వదలి, ఆ నీటిని దింపి, మరల బిగించినచో నాజిళ్ల ఆయువు పెరుగును. మర వదులుగా మిగిలినచో గొట్టములలోనికి గాలి దూరి, బండి అంటుకొనుటయే మానును, అది జ్ఞాపకముంచుకొనవలెను.

తొందరలో చేయు కొన్ని పనులు ప్రాణాంతకములు. గాలి తీసికొను గొట్టము దగ్గఱ పెట్రోలుగుడ్డ పెట్టుట, ఈథరు చిమ్ముట అందులో నొకటి. లోపల హీటరు ప్లగ్గు ఎఱ్ఱగా కాగియుండగా ఆ ఆవిరి చేరినచో ప్రేలుడు పుట్టును. ఇంజను క్రింద గడ్డిమంట వేయుట అంతకంటె మూర్ఖత. తలుపులు మూసిన కొట్టములో ఇంజను నడుపరాదు. పొగలో రంగులేని, వాసనలేని విషవాయువు కలదు. అన్నిటికంటె తఱచుగా ప్రాణము తీయునది మఱియొకటి: నేలమీద నిలిచి, స్క్రూడ్రైవరుతో సెల్ఫు కొనలను కలిపి ఇంజనును అంటించుట. ఒక లంక గ్రామమున నేను చూచుచుండగనే ఒక యువకుడు ఇట్లు చేసెను. బండి గేరులో నున్నది. అంటుకొనిన మఱుక్షణమున అది ముందునకు దుమికి, ఎదుట గడ్డివామిలో దూరి ఆగెను. వాడు చక్రమునకు అడుగున్నర ఎడముగా నిలిచియుండుట చేత బ్రదికెను. తాళముతో అంటుకొనునప్పుడు న్యూట్రలు లేనిదే సెల్ఫు తిరుగకుండ అడ్డుపడు కాపుదల మీట కొన్ని బండ్లకు కలదు. స్క్రూడ్రైవరుకు ఆ అడ్డు లేదు. మీ యింటి కుఱ్ఱవాడు గాని, పాలేరు గాని ఇట్లు చేయుట చూచినచో, నాట్లు ఒకదినము ఆలస్యమైనను సరే, తాళము చేతినుండి తీసికొనుడు.

చేపల చెఱువులవారికి ఒక మాట. చెఱువులో ప్రాణవాయువు మిక్కిలి తక్కువగా నుండు వేళ సరిగా ప్రొద్దుపొడుచుటకు ముందే. రాత్రియంతయు నాచు, చేపలు, అడుగు బురద దానిని వాడుకొనును గాని సూర్యరశ్మి లేనందున క్రొత్తగా పుట్టదు. మబ్బుదినము తరువాతి మంచు వేకువను చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచునప్పుడు, ట్రాక్టరు పి.టి.ఓ.కు తగిలించిన పంపుతో నీరు చిమ్మవలసి వచ్చినచో, మీకు అరగంట వ్యవధి కూడ ఉండదు. ఏడాది శ్రమ ఆ ఇంజను మీద ఆధారపడును. అట్టి బండిని వారములో రెండు సాయంకాలములైనను అంటించి, పూర్తిగా వెచ్చబడువఱకు పనిలో నడిపి ఆపవలెను. ఊరక ఐదు నిమిషములు త్రిప్పి ఆపినచో బ్యాటరీ నిండదు. మంచు పడని చోట నిలిపి, ఇంజను పూర్తిగా చల్లబడిన పిదప గోనెపట్టా కప్పవచ్చును. గడ్డి మాత్రము కప్పకుడు. చలికి ఎలుకలు అందులో చేరి తీగలు కొఱుకును, హీటరు ప్లగ్గు తీగయైనచో ఆ సంగతి మీకు మఱునాటి వేకువను గాని తెలియదు.